విప్పడం వచ్చు... మరి బిగించడమో?

మన కళాశాల బళ్ళ స్టాండు దగ్గర ఒక అరగంట నిలబడి చూడండి. సైలెన్సర్ విప్పడం తెలిసినవాళ్ళకి మన విద్యార్థి లోకంలో లోటేమీ లేదని మీకే తెలుస్తుంది. మోటారు సైకిలు కొన్న నాలుగో రోజుకల్లా కంపెనీవారు బిగించిన సైలెన్సర్ ఊడదీసి, దాని స్థానంలో ఒక ఉత్త గొట్టం తగిలించి, వీధి మొదట్లో మనం వస్తుంటే వీధి చివర పసిపిల్ల ఉలిక్కిపడి లేచేటట్టు చేసుకోవడం ఇవాళ ఒక ఘనకార్యంగా చెలామణీ అవుతోంది. సరే, విప్పడం వచ్చు. మరి బిగించడమో? తుప్పు పట్టి చిల్లులు పడ్డ సైలెన్సర్ని ఇంటి ముందు, తన రెండు చేతులతో దించి, కొత్తది ఎక్కించగలవాళ్ళు మనలో ఎంతమంది?

"ఇదీ ఒక ప్రశ్నేనా? మెకానిక్కులు ఉన్నది మరెందుకు? మనం చదువుకునేది కారు కింద పడుకోవడానికా?" అని మిత్రులు నవ్వవచ్చు. ఆ నవ్వు గురించే నేనీ వ్యాసం రాస్తున్నాను. ఆ నవ్వులో మన విద్యావిధానం ఉంది. ఇంకొంచెం లోతుకి పోతే మన సమాజం కూడా ఉంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. చదువుకున్న ప్రతి విద్యార్థీ - ముఖ్యంగా ఇంజనీరింగు, భౌతికశాస్త్రం చదివేవాళ్ళు - కారు సైలెన్సర్ మార్చడం వంటి పని ఒక్కటైనా ఇంటి దగ్గర స్వయంగా చేసి తీరాలి. నాలుగు డబ్బులు మిగులుతాయని కాదు. మిగిలితే మంచిదే, కాదనను. కాని అసలు కారణం వేరు. పుస్తకంలో ఉన్న చదువు చేతుల్లోకి దిగాలంటే అదొక్కటే దారి. చేతులతో బతికే మనిషి విలువ మన తలకెక్కాలన్నా అదే దారి.

మా ఇంట్లో ఒక పాత మారుతి 800 ఉంది. 1983 డిసెంబరులో మొదలై 2014 జనవరిలో ఉత్పత్తి ఆగిపోయిన ఆ చిన్న కారు గురించి మన తెలుగు మధ్యతరగతి కుటుంబాలకి నేను కొత్తగా చెప్పాల్సిందేమీ లేదు. మాది సముద్రపు ఒడ్డు ఊరు, విశాఖపట్నం. ఇక్కడి ఉప్పుగాలికి ఇనుమన్నది ఏదీ ఎక్కువ కాలం నిలవదు. పోయిన వేసవిలో మా కారు బడబడమని మొరాయించడం మొదలుపెట్టింది. మా నాన్నగారు ఒక వర్క్‌షాపుకి తీసుకువెళితే, అక్కడివాళ్ళు వంగి కూడా చూడకుండా "ఇంజను దగ్గర్నించీ గొట్టం మొత్తం మార్చాలి సార్" అన్నారు. ఇంటికొచ్చి, కారు చల్లారాక, టార్చిలైటు వేసి నేను చూశాను. ముందు గొట్టం దిట్టంగానే ఉంది. చిల్లులు పడ్డది వెనక డబ్బా ఒక్కటే. వంగి చూడడానికి రెండు నిమిషాలు చాలు. ఆ రెండు నిమిషాలు వెచ్చించనివాడికి, తెలియక తల ఊపేవాడు దొరికితే చాలు గదా!

ఇక్కడ కొంచెం చదువు మాట్లాడుకుందాం.

ఇంజనులో పెట్రోలు మండడం అంటే నిజానికి వరసగా జరిగే చిన్న చిన్న పేలుళ్ళే. మారుతి 800 కి మూడు సిలిండర్లు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతోందనుకోండి. ఒక్కో సిలిండరు రెండు చుట్లకొకసారి పేలుతుంది కాబట్టి, మూడూ కలిసి నిమిషానికి 4500 పేలుళ్ళు. అంటే సెకనుకి 75. ప్రతి పేలుడు తరవాతా వాల్వు తెరుచుకుని, ఒత్తిడితో ఉన్న వేడి వాయువు ఒక్కసారిగా గొట్టంలోకి దూకుతుంది. ఆ దూకుడే చప్పుడు. ఆ చప్పుడుని అణచడానికి ఇంజన్ల కోసం ఒక సాధనాన్ని చేసి, అమెరికాలో రీవ్స్ సోదరులు 1897 లోనే పేటెంటు తీసుకున్నారు. అంటే మోటారు కారుకీ సైలెన్సర్‌కీ ఇంచుమించు ఒకటే వయస్సు. మోటారు బండి పుట్టిన తొలిరోజుల్లోనే దాని నోరు ఎలా మూయించాలా అన్న ఆలోచన కూడా పుట్టిందన్నమాట!

సైలెన్సర్ లోపల ఏముంటుంది? చాలామంది దూదో, పీచో కుక్కి ఉంటుందనుకుంటారు. కొన్నింటిలో పీచు ఉండే మాట నిజమే. కాని మామూలు కార్ల సైలెన్సర్లో ముఖ్యంగా ఉండేవి గదులు. సన్నని గొట్టంలోంచి వచ్చిన ధ్వనితరంగం ఉన్నట్టుండి విశాలమైన గదిలో పడుతుంది. పడగానే దానిలో కొంత భాగం వెనక్కి తిరుగుతుంది. వెళ్ళే తరంగం, తిరిగొచ్చే తరంగం ఒకదాన్నొకటి దెబ్బతీసుకుంటాయి. గొట్టం వ్యాసం కన్నా గది వ్యాసం నాలుగు రెట్లు ఉంటే వైశాల్యం పదహారు రెట్లు. లెక్క వేసి చూడండి - అటువంటి ఒక్క గది, తన పొడవుకి సరిపడే పౌనఃపున్యం దగ్గర, చప్పుడుని మహా అయితే 18 డెసిబెల్స్ దాకా తగ్గించగలదు. ధ్వనిశక్తి అరవై నాలుగో వంతుకి పడిపోయినట్టు! దానికి తోడు గోడలకి చిల్లుల గొట్టాలు, పక్కన హెల్మ్‌హోల్ట్జ్ అనునాదకం వంటి మూసిన గది - ఇవన్నీ కలిసి తలో పౌనఃపున్యాన్నీ పట్టుకుంటాయి.

ఇదంతా మనకి సిలబస్‌లో ఉన్నదే. పరీక్షల్లో రాసి మార్కులు తెచ్చుకుంటున్నదే. కాని ఆ హెల్మ్‌హోల్ట్జ్ గారు మన కారు కిందే, బురద కొట్టుకుని వేలాడుతున్నాడని మనకెవరూ చెప్పలేదు.

మరి అది పాడెందుకవుతుంది? ఇదీ మన రసాయనశాస్త్రమే చెబుతుంది. ఒక లీటరు పెట్రోలు పూర్తిగా మండితే సుమారు ఒక లీటరు నీరు పుడుతుంది. నమ్మకం కుదరకపోతే ఆక్టేను సమీకరణం తీసుకుని ద్రవ్యరాశులు కట్టి చూడండి. ఇంజను బాగా వేడెక్కి ఉంటే ఆ నీరంతా ఆవిరిగానే బయటికి పోతుంది. ఇంటి నుంచి కూరల బజారు దాకా వెళ్ళి వెంటనే తిరిగొచ్చే కారుకి అంత వేడి ఎక్కడిది? ఆ ఆవిరి సైలెన్సర్ లోపలే చల్లబడి నీళ్ళై కూచుంటుంది. మండిన వాయువుల్లోని కొద్దిపాటి ఆమ్లాలు అందులో కరుగుతాయి. బయటి నుంచి సముద్రపు ఉప్పు, లోపలి నుంచి ఆమ్లజలం - మధ్యనున్న రేకు గతి ఏం కావాలి? దూరాలు తిరిగే కారు సైలెన్సర్ కన్నా, ఎక్కువగా ఇంటి ముందే నిలబడే కారు సైలెన్సర్ త్వరగా చివకడానికి కారణం ఇదే. పనిలేని ఇనుముకే తుప్పు పడుతుందని మన పెద్దలు ఊరికే అనలేదు కాబోలు!

ఇక చేసిన పని సంగతి.

మా వీధి చివర ఒక మెకానిక్ ఉన్నారు. అందరూ మేస్త్రీ అంటారు. ఆయన దగ్గరికి వెళ్ళి "సైలెన్సర్ నేనే వేసుకుందామనుకుంటున్నాను, జాగ్రత్తలు చెప్పండి మేస్త్రీ గారూ" అన్నాను. ఆయన నా మొహం కేసి ఒక నిమిషం చూసి, "ఏటి బాబూ, నువ్వే ఏసేస్తావా? ఏసీ. మంచిదే. కాని జాకీని మాత్రం నమ్మకు. జాకీ ఎత్తడానికే, మొయ్యడానికి కాదు" అన్నారు. మన వర్క్‌షాపు మాన్యువల్లో అర పేజీ పట్టే సంగతిని ఆయన ఒక్క ముక్కలో చెప్పారు. ఆయన దగ్గరే రెండు ఇనుప స్టాండ్లు, కళ్ళద్దాలు అరువు తెచ్చుకున్నాను.

పని వరస క్లుప్తంగా చెబుతాను, ఎవరికైనా ఉపయోగపడవచ్చు. కారు రాత్రంతా చల్లారాలి. వేడి సైలెన్సర్ ముట్టుకుంటే చర్మం ఊడి వస్తుంది. నేల చదునుగా, గట్టిగా ఉండాలి. ముందు చక్రాలకి రెండు వైపులా దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, గేరులో ఉంచాలి. జాకీతో వెనక భాగం ఎత్తాక, కంపెనీవారు చెప్పిన చోటే స్టాండ్లు పెట్టి, బరువంతా వాటి మీదికి దించాలి. ఇటుకలు పేర్చి వాటి మీద నిలబెట్టడం పరమ మూర్ఖత్వం. ఇటుక ముందుగా చెప్పి పగలదు. స్టాండ్ల మీద నిలిచిన కారుని చేతులతో గట్టిగా ఊపి చూసి, కదలకపోతేనే కిందికి వెళ్ళాలి. కళ్ళద్దాలు తప్పనిసరి. తుప్పు పొడి రాలేది సరిగ్గా కంట్లోనే.

అసలు యుద్ధం బోల్టులతో. ఏళ్ళ తరబడి కాలి, తడిసి, కాలి, తడిసి, నట్టూ బోల్టూ ఒకే ముక్క అయిపోయి ఉంటాయి. ముందు రోజు సాయంత్రమే, చల్లారిన బోల్టులకి తీగ బ్రష్షు వేసి, తుప్పు వదిలించే నూనె కొట్టి ఉంచాను. పొద్దున రింగు పానా వేసి ఒక్కసారిగా విప్పబోకూడదు. కొంచెం బిగించే వైపు, కొంచెం విప్పే వైపు, మళ్ళీ కొంచెం నూనె - ఇలా బతిమాలుకోవాలి. మొదటి బోల్టు అరగంట బతిమాలితే వచ్చింది. రెండోది దేనికీ లొంగక, హాక్సా బ్లేడుకి బలి అయింది. ఆ తరవాత రబ్బరు హ్యాంగర్లు. సబ్బునీళ్ళు రాస్తే సులువుగా జారతాయి. డబ్బా చేతుల్లోకి దిగింది.

కొత్తది ఎక్కించేటప్పుడు పాత రబ్బర్లు, పాత ప్యాకింగు మళ్ళీ వాడకూడదు. రూపాయిల్లో పోయేదానికి కక్కుర్తిపడితే పనంతా దండగ. ముందు అన్నీ వదులుగా తగిలించి, గొట్టం ఎక్కడా బాడీకి తగలకుండా సరిచూసుకుని, అప్పుడు బోల్టులు ఒకదాని తరవాత ఒకటి మార్చి మార్చి బిగించాలి. ఒకదాన్నే పూర్తిగా బిగిస్తే ప్యాకింగు వంకరగా కూచుంటుంది. కారు దించి, ఆరుబయట స్టార్టు చేసి, అతుకు దగ్గర "టుస్ టుస్" మనే చప్పుడు లేదని చూసుకోవాలి. కొన్నాళ్ళు నడిచాక బోల్టులు మరోసారి చూసుకోవాలి. వేడికి సాగి, చలికి ముడుచుకుని అవి వదులవుతాయి. మొత్తం పనికి నాకు ఒక పూట పట్టింది. మేస్త్రీ గారికైతే అరగంట పని!

ఆ అరగంటకీ నా పూటకీ మధ్య ఉన్న తేడాయే విద్య. దానికి మన విశ్వవిద్యాలయాలు పట్టా ఇవ్వవు.

పాత డబ్బాని పాత సామాన్ల వాడికి వెయ్యకుండా, హాస్టలు మిత్రులు నలుగురం కలిసి శానం, సుత్తి పెట్టి చీల్చాం. లోపల గదులు! అడ్డుగోడలు! చిల్లుల గొట్టాలు! అడుగున దోసెడు ఎర్రటి తుప్పు మట్టి. పుస్తకంలో గీతల బొమ్మగా చూసింది ఎదురుగా విచ్చుకుని కనబడితే, మాలో ఎప్పుడూ క్లాసులో నోరు విప్పని మిత్రుడొకడు "మరి ఈ మూడో గదికి దారే లేదేమిట్రా? మూసేసి ఉందే?" అని అడిగాడు. ఆ ప్రశ్నతో మొదలైన చర్చ రాత్రి మెస్సు మూసేదాకా సాగింది. అదే అనునాదక గది. ఏడాది పొడుగునా బోర్డు మీద రాసినా పుట్టని ప్రశ్న, శానం దెబ్బకి పుట్టింది.

ఇక అసలు విషయానికి వస్తాను.

నేను కారు కింద పడుకుని ఉండగా మా వీధిలో పెద్దమనిషి ఒకాయన ఆగి, మా నాన్నగారితో అన్న మాట ఇది: "ఏమండీ, అబ్బాయిని ఇంజనీరింగులో చేర్చారనుకున్నానే... ఇదేమిటి?" ఆ మాటలో ఎగతాళి ఉంది, నిజమైన జాలి కూడా ఉంది. ఇంజనీరింగు చదివేవాడి ఒంటికి మసి అంటితే ఏదో అపచారం జరిగినట్టు! ఇంజను గురించి చదవొచ్చు, ఇంజను ముట్టుకోకూడదు. ఇదెక్కడి మడి?

ఈ మడి నిన్న పుట్టింది కాదు. తలతో చేసే పని పైది, చేతులతో చేసే పని కిందిది అని వేల ఏళ్ళుగా మనుషుల్ని మెట్ల మీద కూచోబెట్టిన సమాజం మనది. "చదవేస్తే ఉన్న మతి పోయింది" అని చదువుకున్నవాణ్ణి ఎత్తిపొడిచే సామెతలు మనకి చాలానే ఉన్నాయి. "చదువుకున్నవాడికన్న చాకలివాడు మేలు" అన్నదీ వాటిలో ఒకటి. మన పెద్దలు అది చాలా గడుసుగా అంటారు. కాని ఆ దెబ్బ చదువుకున్నవాడి కన్నా చాకలికే ఎక్కువ తగులుతుందని ఎవరైనా ఆలోచించారా? అందరికన్నా తక్కువవాడని ముందే తేల్చుకుంటే తప్ప ఆ పోలికకి అర్థమే లేదు. ఆ మనసుతోనే మనం మెకానిక్‌నీ చూస్తున్నాం. యాభై ఏళ్ళు పైబడ్డ మేస్త్రీ గారిని మన ఇళ్ళల్లో కుర్రకారు కూడా "ఒరే", "నువ్వు" అంటారు. ఇరవై ఏళ్ళు నిండని నన్ను ఆయన "బాబూ" అంటారు. ఇందులో వయస్సు ఏది? విద్య ఏది? మర్యాద ఏ లెక్కన పంచుతున్నాం?

దీన్ని సరిచెయ్యాలని అనుకున్నవాళ్ళు లేకపోలేదు. 1937 లో వార్ధాలో గాంధీజీ "నయీ తాలీం" అన్నారు - చేతిపని ద్వారానే చదువు చెప్పమన్నారు. 1964-66 నాటి కొఠారీ కమిషన్ ప్రతి దశలోనూ "పని అనుభవం" చదువులో భాగం కావాలంది. 2020 నాటి జాతీయ విద్యావిధానమూ వృత్తివిద్యని మామూలు చదువుతో కలపాలంటోంది. కాగితం మీద మనకి లోటెప్పుడూ లేదు. ఆచరణలో జరుగుతున్నదేమిటి? ఇంజనీరింగు మొదటి ఏడాది వర్క్‌షాపులో ఫిట్టింగు, వడ్రంగం, కమ్మరం అన్నీ ఉన్నాయి. కాని చాలాచోట్ల ఆ ఇనుప ముక్కని అరగదీసేది ఎవరు? విద్యార్థి ముట్టజెప్పిన డబ్బులు తీసుకుని ఇంకెవరో. మార్కులు మాత్రం విద్యార్థికి. చెయ్యని పనికి మార్కులు తెచ్చుకోవడం మొదటి ఏడాదే అలవాటైతే, రేపు ఉద్యోగంలో చెయ్యని పనికి బిల్లు పాస్ చెయ్యడం వింతేముంది?

నా వాదన మీద మిత్రులు మూడు అభ్యంతరాలు చెప్పారు. మూడూ ఆలోచించదగ్గవే.

మొదటిది: "అందరూ ఇంటి దగ్గరే చేసుకుంటే మెకానిక్ బతుకేం కాను?" ఈ మాట నేను మేస్త్రీ గారినే అడిగాను. ఆయన నవ్వి, "ఒకపాలి కారు కింద తొంగున్నోడు నా కాడ బేరమాడడు బాబూ" అన్నారు. ఆ తరవాత నేనింక చెప్పేదేముంది? చేసి చూసినవాడికే ఆ చెమట ఖరీదు తెలుస్తుంది. వెల్డింగు పనికీ, ఇంజను పనికీ నేను ఆయన దగ్గరికే వెళతాను. అడిగింది ఇస్తాను. వంగి చూడకుండా మొత్తం మార్చమనేవాడి దగ్గరికి మాత్రం వెళ్ళను.

రెండోది: "ప్రమాదం గదా?" నిజమే. అందుకే హద్దులు తెలియాలి. స్టాండ్లు లేకపోతే కారు కిందికి వెళ్ళవద్దు. ఒంటరిగా చెయ్యవద్దు, పక్కన ఒక మనిషి ఉండాలి. మూసిన షెడ్డులో ఇంజను స్టార్టు చెయ్యవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్ ఆక్సిజన్ కన్నా దాన్ని రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. చిల్లులు పడ్డ సైలెన్సర్‌తో అద్దాలు బిగించుకుని తిరిగే కుటుంబానికీ ఆ ప్రమాదం ఉంది. వెనక సీట్లో పిల్లలకి తలనొప్పి, వాంతులు అంటే ఎండదెబ్బ అనుకోకుండా ఒకసారి కారు కిందా చూడాలి. ఇంజను వైపున్న కాటలిటిక్ కన్వర్టర్ని, సెన్సర్లని కెలకవద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బి.ఎస్.6 బళ్ళలో ఆ భాగం తెలిసినవాళ్ళ పని. ఏది మన పని, ఏది కాదు అని తెలుసుకోవడమూ చదువే.

మూడోది: "రేపు ఎలక్ట్రిక్ కార్లు వస్తే సైలెన్సరే ఉండదు గదా, ఇది నేర్చి ఏం లాభం?" సైలెన్సర్ పోవచ్చు. తుప్పు పట్టిన బోల్టుని విరక్కుండా విప్పే ఓర్పు, తొందరపడి ఒక పక్కే బిగించని బుద్ధి, బరువు కింద తల పెట్టేముందు ఒకసారి ఊపి చూసే జాగ్రత్త - వీటికి కాలదోషం పట్టదు.

ఇప్పుడు మొదట చెప్పిన మిత్రుల దగ్గరికి వస్తాను. ఒక్క సంగతి గమనించండి. బండిలో ప్రతి భాగమూ ఎక్కినవాడి కోసమే. సీటు మనకి, బ్రేకు మనకి, దీపం మనకి. సైలెన్సర్ మాత్రం ప్రధానంగా ఎదుటివాడి కోసం. అది లేకపోయినా బండి నడుస్తుంది. నిద్రపోయే పసిపిల్ల కోసం, పక్కింటి గుండెజబ్బు ముసలాయన కోసం, పరీక్షకి చదువుకునే నీలాంటి మరో విద్యార్థి కోసం బండికి తగిలించిన మర్యాద అది. దాన్ని పీకెయ్యడం తిరుగుబాటు కాదు మిత్రమా! తిరగబడాల్సినవాళ్ళు చాలామంది ఉన్నారు, పాపం పసిపిల్ల వాళ్ళలో లేదు. 2000 నాటి ధ్వని కాలుష్య నిబంధనలు నివాస ప్రాంతాలకి పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ అని హద్దు పెట్టాయి. విద్యాసంస్థల, ఆసుపత్రుల పరిసరాలని నిశ్శబ్ద మండలాలుగా ప్రకటిస్తే ఆ హద్దు ఇంకా తక్కువ. 2019 సవరణ తరవాత మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షను కింద చప్పుడు నిబంధనలు మీరినవాడికి పదివేల రూపాయల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు, లేదా రెండూ పడవచ్చు. లైసెన్సూ మూడు నెలలు పోతుంది. కాని చట్టానికి భయపడి బిగించమని నేననను. బిగించడం విప్పడం కన్నా కష్టం, అందుకే బిగించమంటాను. మగతనం, మొనగాడితనం చూపించాలని ఉంటే కష్టమైన పనిలో చూపించాలి గదా?

చివరగా మన విద్యార్థి సంఘానికి ఒక ప్రతిపాదన. ప్రతి ఏడూ సంఘం నిధుల్లో మైకులకీ, పందిళ్ళకీ, పూలదండలకీ చాలా ఖర్చవుతోంది. అందులో కొద్ది సొమ్ము తీసి రెండు జతల ఇనుప స్టాండ్లు, ఒక పానాల పెట్టె, అరడజను కళ్ళద్దాలు కొందాం. హాస్టలు వెనక ఖాళీ స్థలంలో నెలకొక ఆదివారం, మన బళ్ళూ, ఇష్టపడితే మన అధ్యాపకుల కార్లూ అక్కడ మనమే బాగుచేసుకుందాం. ఆర్ట్స్ విద్యార్థులూ రావాలి, విద్యార్థినులూ రావాలి. పానాకి కులం లేదు, లింగం లేదు, గ్రూపు లేదు. ఆ ఆదివారం మనకి పాఠం చెప్పడానికి మేస్త్రీ గారి వంటి వారిని పిలుద్దాం. ముఖ్య అతిథికి వేసినట్టే కుర్చీ వేద్దాం. మామూలు గెస్ట్ లెక్చరర్‌కి ఎంత ఇస్తామో అంతా ఇద్దాం. "గారు" అని పిలుద్దాం.

సంఘం ఎన్నికల్లో నిలబడే మిత్రులు వచ్చే ఏడాది తమ కరపత్రాల్లో ఈ ఒక్క వాగ్దానం చేర్చవలసిందిగా కోరుతున్నాను. నా ఓటు ఎవరికో అప్పుడు చెబుతాను.